పేర్ల చిట్టా ఎవరి చేతిలో?

2000 మే నెలలో ఇంటర్నెట్ ఆర్కిటెక్చర్ బోర్డు ఒక చిన్న పత్రం వెలువరించింది. ఇంటర్నెట్ సాంకేతిక పత్రాల వరసలో దాని సంఖ్య 2826. ఇంజనీర్ల పొడి భాషలో ఉన్న ఈ పత్రాన్ని సాహిత్య విమర్శకులు కూడా చదవాలని నేను అంటాను. దాని వస్తువు యంత్రాలు కాదు, పేర్లు. ఒక మాట అందరికీ ఒకే అర్థం ఇవ్వాలంటే ఏం కావాలన్నది అందులోని ప్రశ్న. దానికి ఆ పత్రం చెప్పిన జవాబు సరైనదే. చెప్పకుండా దాటవేసిన విషయమే మన చర్చకు రావాలి.

సందర్భం కొంత చెప్పుకోవాలి. ఇంటర్నెట్‌లో యంత్రాల చిరునామాలు అంకెల్లో ఉంటాయి. అంకెలు మనుషులకు గుర్తుండవు గనుక 1983లో పాల్ మొకపెట్రిస్ ఇప్పటి పేర్ల వ్యవస్థను రూపొందించాడు. పేరులో చిట్టచివరి భాగం, అంటే కామ్, ఆర్గ్, ఇన్ వంటిది, పైస్థాయి పేరు. పైస్థాయి పేర్లు ఏవేవి, ఒక్కొక్కదాని చిట్టా ఏ యంత్రం దగ్గర దొరుకుతుంది అని చెప్పే జాబితా అన్నిటికీ మొదట ఉంటుంది. దానినే రూట్ అంటారు. ఆ జాబితాకెక్కని పేరు మామూలు మనిషికి లేనట్టే లెక్క.

రూట్ ఒక్కటే ఉండాలని పత్రం వాదిస్తుంది. రెండుంటే ఒకే పేరు ఒకరిని ఒకచోటికీ, మరొకరిని మరోచోటికీ తీసుకుపోతుంది. నేను రాసి పంపిన చిరునామా మీ దగ్గర ఇంకెవరి తలుపో తడుతుంది. ఈ వాదనలో తప్పు పట్టవలసింది లేదు. ఇంటికొక నిఘంటువు రాసుకుంటే సంభాషణే ఉండదు. కాని పత్రం అక్కడితో ఆగదు. ఉమ్మడి జాబితా ఒకటే కావాలంటూనే, దాన్ని నిర్వహించే అధికార సంస్థ కూడా ఒక్కటే కావాలంటుంది. ఆ సంస్థ ఎవరికి జవాబుదారీ? దాన్ని ఎవరు నియమించాలి? ఈ ప్రశ్నలకు అందులో చోటు లేదు. సాంకేతిక సత్యం చాటున అధికారం చడీచప్పుడు లేకుండా లోపలికి వచ్చి కూర్చుంది.

ఈ పత్రం శూన్యంలోంచి పుట్టలేదు. 1995లో నెట్‌వర్క్ సొల్యూషన్స్ అనే అమెరికన్ కంపెనీ పేర్ల నమోదుకు రెండేళ్ళకు 100 డాలర్ల చొప్పున వసూలు మొదలుపెట్టింది. కామ్, నెట్, ఆర్గ్ మూడూ దాని గుత్తలోనే ఉన్నాయి. ఆ గుత్తను ధిక్కరించి యూజీన్ కష్‌పురెఫ్ ఆల్టర్‌నిక్ పేరుతో సొంత రూట్ నడిపాడు. 1997 జూలైలో కంపెనీ స్థలానికి పోయేవారిని తన స్థలానికి మళ్ళించి, కెనడాలో అరెస్టయ్యి, 1998లో నేరం ఒప్పుకున్నాడు. న్యూయార్క్ వీడియో కళాకారుడు పాల్ గారిన్ 1996లో నేమ్‌స్పేస్ స్థాపించి, వందలాది కొత్త పైస్థాయి పేర్లను రూట్‌లో చేర్చమని 1997లో కోర్టుకెక్కాడు. పైస్థాయి పేరు కూడా భావప్రకటనే అన్నది అతని వాదాల్లో ఒకటి. 2000లో అప్పీలు కోర్టు అతనికి వ్యతిరేకంగా తీర్పు చెప్పింది. రోమన్ లిపిలో మూడేసి అక్షరాలుండే అప్పటి పేర్లలో చెప్పుకోదగ్గ భావం ఏమీ లేదని, అయితే ఇటువంటి పేర్లకు భావం ఎన్నటికీ ఉండదని అనలేమని దాని సారాంశం. ఒక పేరు ఎక్కడ గుర్తుగా ఆగి ఎక్కడ వ్యాఖ్య అవుతుందన్న మన పాత చర్చ న్యాయస్థానంలో జరిగిందన్నమాట.

అన్నిటికన్నా ముఖ్యమైన సంఘటన 1998 జనవరి 28న జరిగింది. పేర్ల వ్యవహారం మొదటినుంచీ చూస్తున్న జాన్ పోస్టెల్, రూట్ సర్వర్ల నిర్వాహకుల్లో ఎనిమిదిమందికి లేఖ పంపి, జాబితాను కంపెనీ యంత్రం నుంచి కాక తాను చెప్పిన యంత్రం నుంచి తీసుకోమన్నాడు. వాళ్ళు అలాగే చేశారు. జాబితా మారలేదు. ఒక్క పేరూ దారి తప్పలేదు. అయినా అమెరికా ప్రభుత్వం కలవరపడింది. పోస్టెల్ అది పరీక్ష మాత్రమేనని చెప్పి వెనక్కి మళ్ళించవలసివచ్చింది. ఇక్కడ రూట్ రెండుగా చీలలేదు. చిట్టా పట్టుకున్న చెయ్యి మారింది, అంతే. 2826వ పత్రం కలిపి చెప్పినవి రెండు వేర్వేరు విషయాలని రెండేళ్ళ ముందే రుజువయింది.

అలాగని పోటీ రూట్లన్నిటినీ ప్రత్యామ్నాయమని కీర్తించడానికి నేను సిద్ధంగా లేను. 2001లో వచ్చిన న్యూ డాట్ నెట్ చేసింది పాత దుకాణం ఎదుట కొత్త దుకాణం తెరవడమే. దాని దగ్గర కొన్న పేరు దాని సాఫ్ట్‌వేర్ పెట్టుకున్నవారికీ, దానితో ఒప్పందమున్న సర్వీసుల ఖాతాదార్లకీ తప్ప మరొకరికి కనిపించేది కాదు. సభ్యుల ఓటుతో నడిచే ఓపెన్‌నిక్ వంటిది ఈ గుంపులో అరుదు. అమ్మేవాడు మారినంతమాత్రాన పేరు సరుకు కాకుండా పోదు.

అధికార పక్షం మాటకూ చేతకూ కూడా పొంతన లేదు. 1998లో ఏర్పడిన ఐకాన్, అప్పటికే ఒక పోటీ రూట్‌లో ఉన్న బిజ్ అనే పేరును 2000 నవంబరులో మరొకరికి మంజూరు చేసింది. గారిన్ అడిగినప్పుడు తెరుచుకోని తలుపు 2012లో దరఖాస్తుకు 1,85,000 డాలర్ల రుసుముతో తెరుచుకుంది. 1930 దరఖాస్తులు వచ్చాయి. అమెజాన్ అనే పేరు నదీతీర దేశాలైన బ్రెజిల్, పెరూ అభ్యంతరపెట్టినా 2019లో కంపెనీకే దక్కింది. 2016 అక్టోబరు 1న అమెరికా ప్రభుత్వ ఒప్పందం ముగిసింది నిజమే. కాని రుసుము కట్టగలవాడికే కొత్త పేరన్న నియమం దానితో ముగియలేదు.

తెలుగు లిపిలో డాట్ భారత్ 2011లో రూట్‌కెక్కింది. ఇప్పటికీ జాబితాలో దాన్ని రోమన్ అక్షరాల మారురూపంలోనే రాస్తారు. ఆ కొరత అలాగే ఉన్నా, అది వేరే దుకాణంలో కొనుక్కున్న పేరు కాదు. ఉమ్మడి జాబితాలోనే సంపాదించుకున్న చోటు. గిడుగు రామమూర్తి కూడా ఎవరి భాష వారిదని వేరుపడమనలేదు. అందరికీ ఉమ్మడి రచనాభాష కావాలన్నాడు, దాన్ని శాసించే హక్కు పండితులకు ఎవరిచ్చారని అడిగాడు. ఇక్కడా అడగవలసింది అదే. సాహిత్య విద్యార్థులు ఏ పత్రంలోనైనా ‘ఒక్కటే ఉండాలి’ అన్న వాక్యం కనిపించినప్పుడు, ఒక్కటి కావలసింది చిట్టాయా, దాన్ని పట్టుకున్న చెయ్యా అని విడదీసి చూడాలి.