పీటలెక్కని పెళ్లిపెద్ద

తెలుగు పెళ్లిలో ఒక చిక్కుంది. పెళ్లి ఏర్పాట్లు అన్నీ తెలిసినవాళ్లంతా సరిగ్గా ముహూర్తం వేళకి కదల్లేని చోట ఉంటారు. కేటరింగ్ వాళ్లకి ఎంత అడ్వాన్సు ముట్టిందో తెలిసిన తండ్రి పీటల మీద కూర్చుని అల్లుడి కాళ్లు కడుగుతుంటాడు. మంగళసూత్రాలు ఏ సంచిలో ఉన్నాయో తెలిసిన తల్లి ఆయన పక్కనే నీళ్లు పోస్తుంటుంది. మేనమామ పెళ్లికూతుర్ని బుట్టలో కూర్చోబెట్టి మోసుకొచ్చే పనిలో ఉంటాడు. తమ్ముడికి కాసేపట్లో లాజహోమంలో పేలాలు పోసే పని ఉంది. కొత్త పంచె జారిపోకుండా పట్టుకుని మండపం దగ్గరే తచ్చాడుతుంటాడు. పెళ్లికూతురా, ఆ బుట్టలో ఉంది. సరిగ్గా అప్పుడే జనరేటర్ కుర్రాడు వచ్చి “డీజిల్‌కి డబ్బులెవరిస్తారండీ?” అని అడుగుతాడు.

ఆ కుర్రాడికి జవాబు చెప్పడానికి పీటలెక్కని మనిషి ఒకరు కావాలి. హైదరాబాదు, విజయవాడ, విశాఖల్లో ఇప్పుడు డబ్బిచ్చి పెట్టుకుంటున్న ‘డే కోఆర్డినేటర్’ చేసేది ఈ పనే. వెడ్డింగ్ ప్లానర్ వేరు. ప్లానర్ నెలల ముందే వచ్చి హాలు, పూలు, లైట్లు, భోజనాలు మాట్లాడిపెడతారు. డే కోఆర్డినేటర్ ఏదీ ఎంచరు. ఇంటివాళ్లు కుదుర్చుకున్నవాటన్నిటినీ పెళ్లి రోజున ఒక తాటి మీద నడిపిస్తారు. శనాదివారాలు బేరాలాడి, ఆఫీసు మీటింగుల మధ్య బట్టలు ఎంచుకుని, వారం సెలవుతో పెళ్లిలోకి దిగే అమ్మాయిలకి పనికొచ్చేది ఎక్కువగా ఈ రెండో రకమే. ఎంపిక వాళ్లు చేసుకోగలరు. చేసుకున్నదాన్ని ఆ రోజు కాపలా కాయలేరు.

ఇదేమీ పైనుంచి ఊడిపడిన ఏర్పాటు కాదు. మన ఇళ్లలో సామాన్ల గది తాళంచెవి మొలలో దోపుకుని తిరిగే బాబాయి ఒకాయన ఉండేవాడు. ఆయనకి పెళ్లి తంతులో వేషం లేదు. అందుకే పెత్తనమంతా ఆయనది. వంటశాల దగ్గర, కొట్టుగది దగ్గర పెద్దరికం ఇంకా తరచుగా భర్త పోయిన మేనత్తదో, పెద్దమ్మదో అయ్యేది. ముత్తైదువుల వరసలో నిలబడనివ్వని ఆచారం ఆవిణ్ణి మండపానికి దూరం పెట్టింది. బియ్యం కొలవడం నుంచి విడిదికి కాఫీలు పంపడం దాకా బరువంతా ఆవిడ మీదే వేసింది. పెళ్లి ఆల్బంలో మాత్రం ఆవిడ ఎక్కడా ఉండదు. ఆ బాబాయిలకీ, మేనత్తలకీ ఎవరూ జీతమివ్వలేదు, చాలాచోట్ల పట్టుచీర కూడా పెట్టలేదు. అదే పనికి ఇవాళ బిల్లు వేస్తున్నారని విసుక్కునేవాళ్లని చూస్తే నాకు ఆ మేనత్తలే గుర్తొస్తారు.

ఈ పనిలో అసలు కిటుకు లెక్కని వెనక నుంచి కట్టుకు రావడం. మన పెళ్లిలో సుముహూర్తమంటే మాంగల్యధారణ కాదు, జీలకర్ర బెల్లం. ఈ సంగతి తెలియని కోఆర్డినేటర్ తాళి వేళకి లెక్క కట్టుకుని కొంప ముంచుతారు. ముహూర్తం ఉదయం 10 గంటల 42 నిమిషాలకి అనుకుందాం. ఆ నిమిషానికి వధూవరుల చేతులు ఒకరి నెత్తి మీద ఒకరివి ఉండాలి. అంటే బుట్ట 10:20కల్లా మండపం చేరాలి. గౌరీపూజ అంతకు ముందే అయిపోవాలి కనక 9:30కి మొదలవ్వాలి. 9:15కి పెళ్లికూతురు తయారై ఉండాలి. మేకప్పు, చీర, పూలజడ కలిపి మూడు గంటలు వేసుకుంటే ఆరింటికి మేకప్ అమ్మాయి కుర్చీ వేయాలి. జడ పూలు అయిదున్నరకే గదిలో ఉండాలి. అంటే పూలవాడికి చెప్పాల్సిన టైము అయిదు. వరసలో ఏ ఒక్కటి జారినా ఆ జారుడంతా గౌరీపూజ మీద పడుతుంది, ఎందుకంటే 10:42 జరగదు. అనుభవమున్నవాళ్లు ఇంకో జాగ్రత్త పడతారు: హాల్లో ఎన్ని గడియారాలున్నా పురోహితుడి టైమునే టైముగా పెట్టుకుంటారు. తమ ఫోను, బ్యాండు మేస్త్రీ ఫోను పొద్దున్నే ఆయన వాచీతో సరిచూసుకుంటారు.

గట్టిమేళం సంగతి కూడా అంతే. పంతులుగారు చెయ్యి ఊపగానే సన్నాయి, డోలు ఒక్కసారిగా అందుకోవాలి. అక్షింతలు ఆ పాటికే అందరి చేతుల్లో ఉండాలి. మేళం మోగాక పళ్లెం పట్టుకుని వరసల మధ్య తిరిగితే వెనక కూర్చున్నవాళ్లకి మిగిలేది ఉత్త చేతులే. ఇక ఫోటోగ్రాఫర్లు. మండపం చుట్టూ వాళ్లు కోట కడితే, ముందు వరసలో కూర్చున్న అమ్మమ్మ మనవరాలి పెళ్లిని ఎల్‌ఈడీ తెర మీద చూసుకోవాలి. “ముహూర్తం వేళకి ఇటుపక్క ఇద్దరే, ఎదురుగా ఎవరూ వద్దు” అని ముందురోజే చెప్పి, ఆ వేళకి అక్కడ నిలబడి ఆపగలిగితే కోఆర్డినేటర్‌కి ఇచ్చిన డబ్బులో సగం అక్కడే గిట్టుబాటు.

దగ్గర నుంచి చూడాల్సిన ఘట్టం మధుపర్కాలది. చాలా ఇళ్లలో మాంగల్యధారణకి ముందు వధూవరులు ఎర్రంచు తెల్లబట్టల్లోకి మారతారు. పీటల మీద నుంచి లేచి, గదికి వెళ్లి, కట్టుకుని రావాలి. కాగితం మీద పావుగంట. కానీ పూలజడ వీపంతా పరుచుకుని ఉంటుంది, వడ్డాణం విప్పాలి, నెత్తి మీది జీలకర్ర బెల్లం కారి జాకెట్టు మెడకి అంటుకుని ఉంటుంది, నుదుటి బాసికం ఊడకూడదు. మధుపర్కం చీర నేత చీర. గంజి వదలక నిలబడదు, కుచ్చిళ్లు చెప్పిన మాట వినవు. పని తెలిసినవాళ్లు ఆ చీరకి ముందురోజే ఫాల్ కుట్టించి, కుచ్చిళ్లు మడిచి పిన్నులు పెట్టి, జత జాకెట్టుతో సహా హ్యాంగరుకి తగిలించి ఉంచుతారు. గది తాళం తమ దగ్గరే పెట్టుకుంటారు. లిఫ్టు కింది అంతస్తులో ఆపించి ఒక మనిషిని నిలబెడతారు. మండపంలో పంతులుగారి పక్కన ఇంకొకరు నించుని, “అమ్మాయి దిగుతోంది” అని చెబుతారు. ఇవేవీ లేని పెళ్లిలో ఆ పావుగంట ముప్పావుగంట అవుతుంది. జనం ఈలోగా భోజనాలకి లేస్తారు. తాళి కట్టే వేళకి కుర్చీలు ఖాళీ.

భోజనాల దగ్గర చూడాల్సింది రుచి కాదు, ప్లేట్ల లెక్క. కేటరింగ్ బిల్లు చాలావరకు లేచిన ప్లేట్లని బట్టే. మొదట ఎన్ని ప్లేట్లు పేర్చారో, చివరికి ఎన్ని మిగిలాయో రెండువైపుల వాళ్లూ కలిసి లెక్కపెట్టి కాగితం మీద సంతకం పెట్టుకుంటే రాత్రి పదకొండింటికి గొడవుండదు. డబ్బు కవర్లదీ ఇదే పద్ధతి. పురోహితుడి సంభావన, మేళం, డ్రైవర్లు, హాలు ఊడ్చినవాళ్లు, అద్దె సామాను మనిషి, అందరి పేర్లూ రాసి, మొత్తం వేసి, అంటించిన కవర్లు ముందే సిద్ధంగా ఉంటాయి. ఇవ్వమన్నప్పుడు ఇవ్వడమే. అప్పగింతల వేళ, తండ్రి కళ్లు తుడుచుకుంటుంటే జేబులో నోట్లు లెక్కపెట్టమనడం కన్నా అన్యాయం ఇంకోటి లేదు.

పెళ్లికూతురి ఫోను పొద్దున ఆరింటికే కోఆర్డినేటర్ చేతికి రావాలి. దీనికి చాలామంది అమ్మాయిలు ఒప్పుకోరు, ఒప్పుకోవాలి. పార్లర్ నుంచి, బస్సు తప్పిన స్నేహితురాలి నుంచి, లొకేషన్ అడిగే సహోద్యోగి నుంచి వచ్చే ఫోన్లలో ఒక్కటి కూడా ఆమే తీయాల్సినది కాదు. ఆమెకి కావాల్సింది వేరే. చాలా ఇళ్లలో పెళ్లికూతురు ముహూర్తం దాకా ఉపవాసం. కన్యాదానం చేసే తల్లిదండ్రులూ అంతే. పాలు, కొబ్బరినీళ్లు తాగొచ్చో లేదో పెద్దవాళ్లని ముందే అడిగి, వేళకి గ్లాసు అందించే మనిషి లేకపోతే హోమం పొగలో కళ్లు తిరుగుతాయి.

రోజు పేరు పెట్టుకున్నా పని ఒక్క రోజుది కాదని ఈపాటికి తెలిసే ఉంటుంది. నెల ముందు కూర్చుని ఒప్పందాలన్నీ చదవాలి. పంతులుగారిచ్చిన సామాను జాబితా ఆయనతోనే మరోసారి చదివించుకోవాలి. సన్నికల్లు, కాడి, తెరగుడ్డ ఎవరు తెస్తారో పేరుపేరునా రాసుకోవాలి. “వాళ్లు తెస్తారనుకున్నాం” అని రెండువైపులా అనేది వీటి గురించే. ఆషాఢం, ధనుర్మాసం, మూఢాలు పోగా మిగిలిన మంచి రోజులు కొద్ది. మాఘంలోనో వైశాఖంలోనో ఒక బలమైన ముహూర్తానికి ఊరంతా పెళ్లిళ్లే. ఒకే మేళం రెండు హాళ్లకి, ఒకే పురోహితుడు పొద్దున ఒకచోట, రాత్రి ఇంకోచోట. ముందురోజు సాయంత్రం అందరికీ మరోసారి ఫోన్ చేసి “బయల్దేరే టైమెంత?” అని అడగాలి. “వస్తారా?” అని అడిగితే అందరూ వస్తామనే అంటారు.

అమెరికాలో పెళ్లి చేసే తెలుగువాళ్లకి ఇది ఇంకా తప్పనిసరి. అక్కడ హాలు గంటల లెక్కన అద్దె, రాసుకున్న వేళకి ఖాళీ చేయాల్సిందే. హోమం నిప్పుకి ముందే అనుమతి తీసుకోవాలి. కొన్ని హాళ్లు కోఆర్డినేటర్ ఉంటేగానీ బుకింగే ఇవ్వవు. అక్కడి కోఆర్డినేటర్‌కి మన తంతు తెలియకపోతే, ఏది ఎంతసేపు పడుతుందో పంతులుగారి చేతే రాయించి ఇవ్వాలి.

అందరికీ ఇది కావాలని నేననను. గుళ్లో రెండు వందల మందితో చేసుకునే పెళ్లికి చురుకైన పిన్ని ఒకరు చాలు. ఊళ్లో, వాడకట్టంతా తలో చెయ్యీ వేసే చోట డబ్బిచ్చి మనిషిని పెడితే నవ్వుతారు కూడా. ‘మాయాబజార్’లో ఘటోత్కచుడు తన పరివారంతో విడిది మర్యాదల్ని ఎలా నడిపించాడో చూశాం కదా, ఆ స్థాయి బంధువు దొరికినవాళ్లు అదృష్టవంతులు. దొరకనివాళ్లు మాత్రం, పూలగోడ కొంచెం చిన్నదైనా ఫర్వాలేదనుకుని, ఈ మనిషికి ఖర్చుపెట్టడం మేలు.

పెట్టుకునే ముందు ఒకటే అడిగి చూడండి: “మధుపర్కాలకి ఎంత టైమిస్తారు?” మధుపర్కాలంటే ఏమిటని ఎదురడిగితే నమస్కారం పెట్టేయొచ్చు. బంగారం, చదివింపులు మాత్రం వాళ్లకి అప్పజెప్పకూడదు, వాళ్లూ ఒప్పుకోకూడదు. ఇంతా చేశాక “నేనుండగా బయటివాళ్లెందుకు?” అని పెదనాన్నగారు అలుగుతారు. ఆయన్ని గుమ్మం పక్కన బల్ల వేసి కూర్చోబెట్టి, చదివింపుల పుస్తకం చేతికివ్వాలి. ఎవరెంత రాయించారో ఆయనొక్కడికే తెలుస్తుంది. ఇక సాయంత్రం దాకా లేవరు.