చక్రమున నిలువవలసిన గాలి

రాజమహేంద్రవరమునుండి రావులపాలెము మీదుగా తణుకు దిక్కునకు సాగు జాతీయ రహదారిపైన గాని, అమలాపురమునుండి రాజోలు, నరసాపురముల వైపు పోవు 216వ నంబరు దారిపైన గాని, పెట్రోలు బంకు ప్రక్కనో పంచరు షాపు ముందరనో చిన్నకారు నాపి గాలి పట్టించుకొనువారిని గమనించినచో, ఒకే ప్రశ్నయు ఒకే సమాధానమును తరచుగా వినవచ్చును. "ఎంత పెట్టమంటారండి?" అని గొట్టము చేతబట్టిన కుర్రవాడు వినయముగ నడుగును. "అందరికీ ఎంత పెడుతున్నావో అంతే పెట్టెయ్ బాబూ" అని కారులోనివారు దిగకయే చెప్పుదురు. ఇల్లాలిని, బిడ్డలను, వృద్ధులైన తల్లిదండ్రులను ఎక్కించుకొని గోదావరిని దాటబోవు వాహనమునకు ఎంత గాలి యుండవలయునో నిర్ణయించు బాధ్యతను, ఆ కారు బరువెంతయో అందు కూర్చున్నవారెందరో చూడని అన్యునికి అప్పగించుట నాకు మిక్కిలి బాధాకరముగ తోచును.

కారు బరువును మోయునది ప్రధానముగ టైరులో బంధింపబడిన వాయువే. ఇద్దరు మనుష్యులతో కలిపి వేయి కిలోలు తూగు చిన్నకారును తీసికొందము. ఒక్కొక్క చక్రముపై రమారమి 250 కిలోల భారము పడును. టైరులో 30 పౌండ్ల గాలి, అనగా చదరపు సెంటీమీటరునకు 2.1 కిలోల పీడనము ఉన్నయెడల, ఆ భారము నిలుచుటకు ఇంచుమించు 120 చదరపు సెంటీమీటర్ల చోటు కావలెను. అది అరచేయి కంటె పెద్దది కాదు. గాలి 20 పౌండ్లకు దిగినచో అదే బరువునకు దాదాపు 180 చదరపు సెంటీమీటర్లు అవసరమగును. అంతమేర టైరు నేలకు అణగి, ప్రక్కగోడలు ప్రతి భ్రమణమునందును ముడిగి సాగి, లోలోపల వేడెక్కి, అంచులయొద్ద అరుగును. గాలి మితిమీరినచో టైరు నడుమ ఉబ్బి, నడిమి భాగమే అరిగి, నేలను పట్టు చోటు తగ్గి, బ్రేకు వేసినపుడు కారు జారుటకు అవకాశమేర్పడును.

కాలువగట్ల దారులలో గతుకులు తెలియకుండుటకై కొందరు గాలి తగ్గింతురు. మైలేజి పెరుగునను ఆశతో మరికొందరు హెచ్చింతురు. మొదటివారి టైరు గుంత అంచున తగిలినపుడు ఇనుపచట్రమునకును రాతికిని నడుమ నలిగి ప్రక్కగోడ చిట్లును. రెండవవారు పెట్రోలున ఆదాచేసిన కొద్ది రూపాయలను త్వరగా అరిగిన టైర్లకై వెచ్చింతురు. ఎంత ఉండవలెనన్నది ఆ కారును రూపొందించినవారు పరీక్షించి నిర్ణయించియే యున్నారు. డ్రైవరు తలుపు తెరచిన ప్రక్కస్తంభముపై అతికించిన చిన్న చీటీలో ముందు టైర్లకెంత, వెనుక టైర్లకెంత, నిండు బరువుతో నున్నపుడెంత అని ముద్రించియుందురు. టైరు ప్రక్కగోడపై అచ్చువేసిన అంకె ఆ టైరు భరింపగల గరిష్ఠ పరిమితియే గాని, మన కారునకు తగిన కొలత కాదు.

ముందు వెనుకల వ్యత్యాసము ఎంత ముఖ్యమో తెలుపుటకు, 1960వ సంవత్సరపు నమూనాగా అమెరికాలో షెవ్రొలే సంస్థ తెచ్చిన కార్వేర్ అను చిన్నకారు చరిత్రయే చాలును. ఇంజను వెనుకనుండుటచేత బరువులో అధికభాగము వెనుక చక్రములపై పడెడిది. కావున చల్లని టైర్లలో ముందు 15 పౌండ్లు, వెనుక 26 పౌండ్లు ఉంచవలెనని తయారీదారులు విధించిరి. నాలుగు చక్రములకును సమానముగ గాలి పట్టించినచో మలుపులలో ఆ కారు వెనుకభాగము వెలుపలికి జారు ప్రమాదము హెచ్చెడిది. 1965లో వెలువడిన రాల్ఫ్ నాడర్ గ్రంథము 'అన్‌సేఫ్ ఎట్ ఎనీ స్పీడ్' తన మొదటి ప్రకరణమునందే ఈ కారును చర్చించినది. నేటి మన చిన్నకార్లలో ఇంత అంతరము లేకున్నను, భారమును బట్టి గాలి అను ధర్మము మారలేదు. సంక్రాంతికి అల్లుడు, కూతురు, పిల్లలతో బయలుదేరిన కారు డిక్కీలో కొబ్బరికాయలును, బియ్యపు బస్తాయును, ఆత్రేయపురపు పూతరేకుల డబ్బాలును నిండియున్నపుడు, ఆ చీటీలోని నిండుబరువు అంకెనే అనుసరింపవలెను.

ఈ డెల్టాలో ఋతువులు కూడ లెక్కలోనికి వచ్చును. సంక్రాంతినాటి వేకువ 18 డిగ్రీల చలిలో 30 పౌండ్లు చూపిన టైరే, గాలి చేర్చకయు తీయకయు, రోహిణికార్తె మధ్యాహ్నపు 42 డిగ్రీల ఎండలో సుమారు నాలుగు పౌండ్లు అధికముగ చూపును. ప్రయాణపు వేడి దానికి తోడగును. కొలతయెప్పుడును చల్లని టైరునకే, అనగా మూడు గంటలైనను నిలిచియున్న కారునకే చెల్లును. పరుగుతీసి వచ్చిన టైరులో అంకె హెచ్చియున్నదని గాలి వదలించినవారు, మరునాటి ఉదయమునకు తక్కువ గాలితో ప్రయాణము చేయుచున్నవారగుదురు.

వర్షాకాలమున ఈ లోపము ప్రాణాంతకము కాగలదు. నీటి పొరపై చక్రము తేలిపోవు వేగము టైరులోని పీడనపు వర్గమూలము ననుసరించి యుండునని, విమానపు టైర్లను పరీక్షించి నాసా పరిశోధకులు 1963లో తెలిపిరి. ఆ లెక్కన 30 పౌండ్ల టైరు గంటకు 90 కిలోమీటర్ల వేగమున తేలగా, 20 పౌండ్ల టైరు 75 కిలోమీటర్లకే తేలును. కారు టైరు గాడి లోతును బట్టి, నీటి మందమును బట్టి ఈ అంకెలు మారవచ్చును. గాలి తగ్గినకొలది అపాయము ముందుగా వచ్చుననుట మాత్రము మారదు. వాయుగుండము పట్టి రహదారిపై నీరు నిలిచిన రోజున ఇది స్మరింపదగినది.

నేనాచరించు పద్ధతి సులభమైనది. వేకువనే, కారు కదలక మునుపే, నా గేజితో నాలుగు టైర్లను కొలిచి, ఏ టైరున ఎంత కొరతయో కాగితముపై వ్రాసికొందును. 30 ఉండవలసినచోట 27 ఉన్నచో కొరత మూడు. బంకునకు చేరునప్పటికి వేడిచేత అదే టైరు 29 చూపినచో, దానికి మూడు చేర్చి 32 పెట్టుమందును. ఇంటికి వచ్చి చల్లారిన పిదప అది సరిగా 30 వద్ద నిలుచును. కుర్రవాని శ్రమను గాని నేర్పును గాని ఇందు నేను శంకించుట లేదు. అతనికి ఉదయపు కొలత తెలియు మార్గము లేదు, నాకు కలదు. నైట్రోజను పట్టించిన ఈ బాధ తప్పునని కొందరందురు గాని, మనము పీల్చు గాలిలోనే నూటికి 78 పాళ్లు నైట్రోజను కలదు, దానిని పట్టించినను కొలత తప్పదు. మంచి టైరు సైతము నెలకు రమారమి ఒక పౌండు కోల్పోవును.

కావున పాఠకులారా, ఒక గేజి కొని కారులో నుంచుకొనుడు. నెలకొకమారును, ప్రతి దూరప్రయాణమునకు ముందును, స్టెప్నీతో సహా అన్ని టైర్లను చల్లనివేళ కొలువుడు. "ఎంత పెట్టమంటారండి?" అని అడిగినవానికి మీ కారు చీటీ చూచి, మీ బరువు లెక్కించి, మీరే స్పష్టముగ అంకె చెప్పుడు.