చీలమండ కింద దాగిన కీలు

పాదం పనితనమంతా చీలమండదేనని అనుకుంటాం. నిజానికి ఆ కీలు ముఖ్యంగా చేసేది ఒక్కటే పని: పాదాన్ని పైకెత్తడం, కిందికి దించడం. అరికాలిని లోపలికీ బయటికీ ఒరిగించేది దాని అడుగున, టాలస్ ఎముకకూ మడమ ఎముకకూ మధ్య ఉన్న కీలు. పాదంలో నాకు అన్నిటికన్నా గొప్పగా కనిపించేది అదే.

ముందు ఆ టాలస్ సంగతి చూడండి. ఒంటి బరువంతా దాని మీదుగానే పాదంలోకి దిగుతుంది. అయినా ఒక్క కండరం కూడా దానికి అతుక్కుని ఉండదు! చుట్టూ ఉన్న ఎముకలు ఎటు తోస్తే అటు కదులుతుంది. దాని కింది కీలుకు ఇరుసు ఏటవాలుగా ఉంటుంది. మడమ వెనక మొదలై ముందుకూ పైకీ, కాస్త లోపలివైపుకూ సాగుతుంది. నేలతో సగటున 42 డిగ్రీల కోణం. ఆ వాలు వల్లే పిక్క భాగం తిరిగినప్పుడల్లా పాదం పక్కకు ఒరుగుతుంది.

మడమ నేలకు ఆనగానే ఈ కీలు బయటివైపు వాలుతుంది. దాంతో నడిపాదం కీళ్లు వదులై, కింద గులకరాయి ఉన్నా గుంట ఉన్నా పాదం సర్దుకుంటుంది. మడమ లేచే వేళకు అదే కీలు లోపలికి తిరుగుతుంది. అంతవరకు వదులుగా ఉన్న ఎముకలు బిగుసుకుని, ఒంటిని ముందుకు నెట్టే మీట అవుతాయి. బొటనవేలూ ఇందులో చేయి వేస్తుంది. నిలబడి దాన్ని పైకి లేపి చూడండి, అరికాలి వంపు దానంతటదే లేస్తుంది. మడమ నుంచి వేళ్ల దాకా ఉన్న గట్టి పట్టీని వేలు తన మొదట్లో చుట్టి లాగుతుంది. 1954లో జె.హెచ్. హిక్స్ దీన్ని లంగరు తాడు చుట్టే యంత్రంతో పోల్చి వివరించారు.

ఈ పక్క కదలిక విలువ జైపూర్ పాదం అనే కృత్రిమ పాదాన్ని చూస్తే తెలుస్తుంది. అది రాకముందున్న విదేశీ కృత్రిమ పాదానికి బూటు తప్పనిసరి. గొంతుకు కూర్చోవాలంటే చీలమండ వంగదు. 1960ల చివర్లో వైద్యుడు పి.కె. సేఠీ, శిల్పి రామచంద్ర శర్మ మడమలోనూ ముందుపాదంలోనూ స్పాంజి రబ్బరు దిమ్మెలు, చీలమండ దగ్గర కర్ర దిమ్మె పెట్టి, పైన రబ్బరు తొడుగు వేశారు. తిరిగే కీలు ఒక్కటీ లేదు, అయినా పాదం నాలుగు వైపులా ఒరుగుతుంది. కాలు కోల్పోయిన నర్తకి సుధాచంద్రన్ దానితోనే మళ్లీ నాట్యం చేశారు. తన కథతో వచ్చిన 'మయూరి' సినిమాలో తానే నటించారు. అంత చక్కటి పనితనానికీ అందనిది ఒకటుంది: రబ్బరుకు ఒకే మెత్తదనం. ఒకే అడుగులో ముందు వదులై, తర్వాత బిగుసుకోవడం దానికి రాదు.