పో మైదానపు పండుగ పలక

ఉత్తర ఇటలీలో పో నదికీ అపెనైన్ కొండలకూ నడుమ ఎమీలియా ప్రాంతం ఉంది. పార్మా, రెజ్జో ఎమీలియా, మోడెనా, బోలోన్యా నగరాలు అక్కడివే. అక్కడి ఇళ్లలో క్రిస్మస్ మధ్యాహ్నం భోజనం సాధారణంగా ఒక చెక్క పలకతో మొదలవుతుంది. ఉప్పులో మాగిన పంది మాంసపు పలుచని పొరలు, విరిచి పెట్టిన చీజ్ ముక్కలు, పుల్లని కూరగాయలు, అప్పుడే వేయించిన పిండి రేకులు దాని మీదికి వస్తాయి. క్యాథలిక్ ఆచారం ప్రకారం ముందు రోజు, అంటే డిసెంబర్ 24 రాత్రి, మాంసం ముట్టరు. ఆ పూట చేపలతోనే గడుస్తుంది. అందుకే మర్నాటి మాంసపు పలక కోసం ఇంటిల్లిపాదీ ఎదురుచూస్తారు.

ఈ పలకకు పొయ్యి పని చాలా తక్కువ. ఉప్పు, చలి, గాలి, తేమ, నెలల తరబడి కాలం ముందే పని ముగించి ఉంటాయి. ఇంట్లోవాళ్లకు మిగిలేది మంచి సరుకు ఎంచుకోవడం, దాన్ని సరిగా కోయడం, తగిన వేళకు బల్ల మీద పెట్టడం.

అన్నింటికీ మొదలు పాలు. పార్మిజానో రెజ్జానో చీజ్‌కు సాయంత్రం పితికిన పాలను రాత్రంతా వెడల్పాటి తొట్లలో ఉంచి, పైకి తేలిన మీగడ తీసేస్తారు. ఉదయం పితికిన పాలు వాటిలో కలిపి, గంట ఆకారంలో ఉండే రాగి కాగుల్లో పోస్తారు. పాలు మరిగించరు. మన ఇళ్లలో పెరుగుకు నిన్నటి తోడు వేసినట్టే, ముందు రోజు మిగిల్చిన విరుగుడు తేటను అందులో వేస్తారు. తర్వాత దూడ కడుపు నుంచి తీసిన రెనెట్ కలిపితే పాలు కొద్ది నిమిషాల్లోనే గడ్డ కడతాయి. ఆ గడ్డను తీగల కవ్వంతో సన్నని గింజలంతగా విరగ్గొట్టి, 55 డిగ్రీల దాకా వేడి చేస్తారు. అడుగుకు చేరిన ముద్దను గుడ్డతో పైకెత్తి, రెండుగా కోసి, అచ్చుల్లో పెడతారు. తర్వాత కొన్ని వారాలు ఉప్పునీటిలో నానుతుంది. సుమారు 40 కిలోల చక్రం ఒక్కటి తయారవడానికి 550 లీటర్ల పాలు పడతాయి. అది కనీసం 12 నెలలు మాగాలి. 24, 36 నెలలు మాగినవీ దొరుకుతాయి. వయసు పెరిగేకొద్దీ చీజ్ పొడిబారి, పంటి కింద చిన్న తెల్లని పలుకులు తగులుతాయి. అవి ఉప్పు రవ్వలు కావు. మాగే క్రమంలో ప్రోటీన్ విడిపోయినప్పుడు టైరోసిన్ అనే అమైనో ఆమ్లం అలా పలుకులు కడుతుంది. పరీక్షించేవాడు చిన్న సుత్తితో చక్రం చుట్టూ తట్టి, శబ్దాన్ని బట్టి లోపల పగులో గాలి బుడగో ఉందా అని పసిగడతాడు.

కాగులో మిగిలిన విరుగుడు తేట పారబోసేది కాదు. అక్కడ అది తరతరాలుగా పందుల మేతలో కలుస్తోంది. ప్రొషుట్టో అనే ఉప్పులో మాగిన తొడ మాంసానికి సంప్రదాయంగా వాడేది అలా పెరిగిన పందులనే. పలక మీద మాంసానికీ చీజ్‌కూ పొత్తు కుదరడానికి ఇదొక కారణం. ఐదారు దేశాల చీజ్‌లు, మాంసాలు ఒకచోట పేర్చిన పలక చూడ్డానికి ఘనంగా ఉండొచ్చు గానీ, ఒకే సీమ సరుకుతో చేసిన పలకకు ఉండే రుచి పొందిక దానికి రావడం కష్టం.

పార్మా ప్రొషుట్టోలో వేసేది పంది వెనుక తొడ, సముద్రపు ఉప్పు, అంతే. నైట్రేట్లు వాడరు. ఉప్పు వేసే పని అనుభవం ఉన్న చేతికే అప్పగిస్తారు. చర్మం ఉన్న వైపు తడి ఉప్పు, కండ కనిపించే వైపు పొడి ఉప్పు పట్టిస్తారు. ఉప్పు ఎక్కువైతే తీపి పోతుంది, తక్కువైతే తొడ చెడిపోతుంది. తర్వాత దాన్ని చల్లని గదుల్లో విశ్రాంతిగా ఉంచి, కడిగి, ఎదురెదురు కిటికీలున్న పొడవాటి గదుల్లో వేలాడదీస్తారు. లాంగిరానో ఊరి చుట్టుపక్కల కొండల్లో ఇలాంటి శాలలు వరసగా కనిపిస్తాయి. బయటికి తెరుచుకున్న కండ మరీ ఎండిపోకుండా పంది కొవ్వు, ఉప్పు కలిపిన ముద్ద పూస్తారు. ఏడాదికి పైగా గడిచాక పరీక్ష. గుర్రపు ఎముకతో చేసిన సన్నని సూదిని తొడలో ఐదు చోట్ల గుచ్చి, గుచ్చిన ప్రతిసారీ వాసన చూస్తారు. ఆ ఎముకకు సూక్ష్మ రంధ్రాలుంటాయి కాబట్టి వాసనను ఇట్టే పట్టి, ఇట్టే వదిలేస్తుంది. నెగ్గిన తొడ మీద ఐదు కొనల కిరీటం ముద్ర కాలుస్తారు. ప్రొషుట్టోకూ పార్మిజానోకూ 1996లో ఐరోపా సమాఖ్య మూలస్థాన రక్షణ లభించింది.

ఉప్పుతో మాంసాన్ని నిలవ చేయడం తెలుగువారికీ తెలిసిన విద్యే. రాయలసీమ, తెలంగాణల్లో ఉప్పు, పసుపు పట్టించి ఎండబెట్టే ఒట్టి తునకలు అలాంటివే. ఇక్కడ ఎండ చేసే పనిని అక్కడ చలీ గాలీ చేస్తాయి. ఒట్టి తునకలు మళ్లీ పులుసులోనో వేపుడులోనో ఉడకాలి. ప్రొషుట్టో మాత్రం ఉడకకుండానే నేరుగా నోటికి వస్తుంది.

బోలోన్యావారి మోర్టడెల్లా దారి వేరు. అది మెత్తగా నూరిన మాంసంలో పంది గొంతు కొవ్వు ఘనాలు కలిపి, పొడి వేడిలో నిదానంగా ఉడికించినది. ఇక పో నది ఒడ్డు పొగమంచులో, పంది మూత్రాశయపు పొరలో బిగించి కట్టి మాగబెట్టే కులటెల్లో అన్నిటికన్నా అరుదు, ఖరీదు కూడా. డబ్బు సరిపోకపోతే దాన్ని వదిలేసి, మంచి ప్రొషుట్టో కొనడమే మేలు.

పలక చెడేది ఎక్కువగా కోతలోనే. ప్రొషుట్టోను వెలుతురు కనిపించేంత పలుచగా, వడ్డించే ముందే కోయాలి. 1898లో రోటర్‌డామ్‌కు చెందిన విల్హెల్మ్ వాన్ బెర్కెల్ అనే కసాయి తిరిగే బిళ్ల కత్తితో కోత యంత్రం కనిపెట్టాక ఆ పలుచదనం అందరికీ అందింది. పొర అంచున ఉండే తెల్లని కొవ్వును తీసేయకూడదు. తీపీ సువాసనా చాలావరకు అందులోనే ఉంటాయి. పొరలను ఒకదాని మీద ఒకటి అదిమి పేర్చితే అతుక్కుపోతాయి. వేళ్లతో ఎత్తి, వదులుగా జారవిడిస్తే చాలు. పంది మాంసంతోనే చేసే ఫెలీనో సలామీకి ఇంత పలుచదనం పనికిరాదు. దాన్ని ఏటవాలుగా, మిరియపు గింజంత మందంతో కోస్తారు. మోర్టడెల్లాను పలుచగా కోసినా బాగుంటుంది, ఘనాలుగా కోసినా బాగుంటుంది. పార్మిజానోను కోయడం కన్నా విరవడం మంచిది. బాదం గింజ ఆకారంలో ఉన్న పొట్టి కత్తి గుచ్చి కాస్త తిప్పితే, అది తన పొరల వెంటే గరుకుగా విరుగుతుంది. చీజ్‌ను గంట ముందే ఫ్రిజ్‌లోంచి తీయాలి. చల్లగా ఉంటే సువాసన బయటికి రాదు.

పలక మీద మృదువైన రుచుల నుంచి ఘాటైనవాటికి వెళ్లేలా అమర్చితే తినేవారికి సుఖం. కొవ్వుకు ఎదురుగా పులుపు, ఘాటు ఉండాలి. వెనిగర్‌లో ఊరిన కూరగాయలు, చక్కెర పాకంలో ఊరి ఆవనూనె ఘాటు ఎక్కిన క్రెమోనా పండ్లు ఆ పని చేస్తాయి. కనీసం 12 ఏళ్లు పీపాల్లో మాగిన మోడెనా బాల్సమిక్ వెనిగర్ ఒక్క చుక్క చీజ్ ముక్క మీద పడితే చాలు. పిండి రేకులు మాత్రం చివరి నిమిషంలో పొంగించి తేవాలి. వేడి రేకు మీద ప్రొషుట్టో పరిస్తే కొవ్వు కరిగి పిండిలోకి దిగుతుంది. ఆ ముద్ద తిన్నవారికి ఈ సంప్రదాయం ఎందుకు నిలిచిందో వేరే చెప్పనక్కర్లేదు. తోడుగా బుడగలతో పొంగే ఎర్రని లాంబ్రుస్కో వైన్ పోస్తారు.

తర్వాత పెద్ద భోజనం ఉంటుంది కాబట్టి మనిషికి 60 నుంచి 80 గ్రాముల మాంసం చాలు. రెండు గంటలకు మించి పలకను బయట ఉంచకూడదు. ఉడకని మాంసాన్ని గర్భిణులు తినకపోవడమే క్షేమం. పార్మిజానోలో దూడ రెనెట్ ఉంటుంది కనుక పూర్తి శాకాహారులకు అది పనికిరాదని అతిథులకు ముందే చెప్పడం మర్యాద.

పలక ఖాళీ అయ్యాక చీజ్ గట్టి తొక్క పులుసుల్లోకి వెళుతుంది. ఆ వెంటే బోలోన్యా ఇళ్లలో మాంసరసంలో తేలే టోర్టెల్లిని, అంటే పూర్ణం పెట్టి మడిచిన చిన్న పిండి ముక్కల వంటకం, వస్తుంది. 1974లో ఆ నగర వాణిజ్య మండలిలో నమోదు చేసిన పాకవిధానం ప్రకారం, దాని పూర్ణంలో పంది నడుము మాంసంతో పాటు ప్రొషుట్టో, మోర్టడెల్లా, పార్మిజానో మూడూ ఉంటాయి.