నర్సు అన్న మాట తీసేసి రాయండి

నైట్ డ్యూటీ దిగి, పిల్లల్ని బడికి పంపి లాప్‌టాప్ తెరిచే నర్సులు నా విద్యార్థులు. అమెరికాలో తలో రాష్ట్రంలో ఉంటారు. ఆన్‌లైన్ పీజీ నర్సింగ్‌లో వాళ్లకు నేను చెప్పేది రోగి భద్రత. మొదటి వారం నాష్‌విల్ కేసు ఇస్తాను.

2017 డిసెంబర్. స్కానింగ్‌కు వెళ్లిన 75 ఏళ్ల ఆవిడకు కంగారు తగ్గడానికి వెర్సెడ్ ఇమ్మన్నారు. మందుల మెషీన్‌లో నర్సు వి, ఇ అని రెండక్షరాలు కొట్టింది. ఆ మందు అక్కడ మిడజోలామ్ అన్న జెనరిక్ పేరుతో ఉంది. కనబడకపోయేసరికి మెషీన్ అడ్డును దాటించే ఓవర్‌రైడ్ నొక్కింది. చేతికొచ్చింది వెక్యురోనియం, కండరాలను పడగొట్టి ఊపిరి ఆపేసే మందు. ఆవిడ బతకలేదు. 2022లో కోర్టు నర్సును దోషిగా తేల్చి మూడేళ్ల ప్రొబేషన్ వేసింది.

తప్పెక్కడ జరిగిందో రాయమంటే విద్యార్థులు మొదట రాసేది ఒకటే: సీసా మీద పేరు చదవలేదు. నిజమే, చదవలేదు. వెర్సెడ్ ద్రవం, వెక్యురోనియం పొడి. కలుపుతున్నప్పుడైనా అనుమానం రావాల్సింది. నేను కాదనను. (మా చదువు రోజుల్లో మందు తప్పితే సిస్టర్ చీవాట్లే పాఠం, అక్కడితో సరి.) అయితే రెండోసారి నర్సు అన్న మాటే వాడకుండా రాయమంటాను. అప్పుడు కలాలు కదులుతాయి. రెండక్షరాలకే మెషీన్ ఎందుకు తెరుచుకుంది? స్కానింగ్ దగ్గర బార్‌కోడ్ రీడర్ ఎందుకు లేదు? మందు ఎక్కాక రోగిని కనిపెట్టుకుని ఉండాల్సింది ఎవరు? ఆ తర్వాత ఐఎస్ఎంపీ అనే మందుల భద్రతా సంస్థ కనీసం ఐదక్షరాలు కొట్టించాలని సూచించింది. చీవాట్లతో ఆ మార్పు వచ్చేది కాదు.

ఆన్‌లైన్ చదువులో నాకు విసుగు పుట్టించేది డిస్కషన్ బోర్డు. ఒక పోస్టు, ఇద్దరికి "బాగా చెప్పారు". ఉత్త మొక్కుబడి. అసలు బలం వేరే ఉంది: వీళ్లందరికీ రేపు డ్యూటీ ఉంది. మీ వార్డులో ఓవర్‌రైడ్‌తో వచ్చే మందులేవో చూసి రండంటాను. ఐసీయూ జాబితా, పల్లె ఆసుపత్రి జాబితా పక్కపక్కన పెడితే క్లాసు దానంతటదే నడుస్తుంది. తర్వాత ఒక్క షిఫ్టులో ఒక్క చిన్న మార్పు చేసి, లెక్క రాసి, ఫలితాన్ని బట్టి దిద్దుకోవాలి. రోగి వివరాలు మాత్రం బయటికి రాకూడదు.

రోగి సంగతి డాక్టరుకు చెప్పే పద్ధతి ఎస్‌బార్ ఒక్కటి రాతకు లొంగదు. పరిస్థితి, నేపథ్యం, అంచనా, సిఫారసు అన్న నాలుగు ముక్కలూ వరసగా చెప్పాలి. స్క్రీన్ మీద చక్కగా రాసినవాళ్లే, నేను నిద్రలో లేచిన డాక్టర్‌లా ఫోన్లో కసురుకుంటే "సారీ" అని ఫోన్ పెట్టేస్తారు. అందుకే టైపు చేసిన ఎస్‌బార్‌కు నేను మార్కులు వెయ్యను. ఫోన్ చేసి చెప్పాల్సిందే.