కారు బరువు ఎవరి మీద?

1956లో సూయజ్ కాలువ మూతపడి బ్రిటన్‌లో పెట్రోలుకు కరువు వచ్చినది. ఆ ఇక్కట్టులో పుట్టిన ఆలోచనే మినీ కారు. అలెక్ ఇసిగోనిస్ రూపొందించిన ఈ బండి 1959 ఆగస్టులో బజారుకు వచ్చినది. పొడవు 3 మీటర్ల పైచిల్లర, బరువు సుమారు 617 కిలోలు, ఇంజను 848 ఘన సెంటీమీటర్లు, 34 అశ్వశక్తులు. నేటి కుటుంబాలు కొనే ఎత్తైన బండ్లకు టొయోటా రావ్‌4 మంచి మచ్చు. 2018లో ప్రదర్శించిన నమూనాలో, పెట్రోలు ఇంజనుకు విద్యుత్ మోటారు తోడైన రకం పొడవు 4.6 మీటర్లు, బరువు 1,700 కిలోలకు దగ్గర, 219 అశ్వశక్తులు. అనగా మినీలో ఒక్కొక్క సీటుకు 154 కిలోల బండి, ఇందులో 340.

మినీలో మెచ్చదగినది చిన్నతనం కాదు, ఆ చిన్నతనంలోనే మనుషులకు చోటు దొరకడం. ఇసిగోనిస్ ఇంజనును అడ్డంగా తిప్పి, గేరుపెట్టెను దాని కిందనే ఇమిడ్చి, చక్రాలను 10 అంగుళాలకు కుదించినాడు. నేలలో నూటికి 80 పాళ్లు మనుషులకూ సామానుకూ మిగిలినవి. (ఇంజనుకూ గేర్లకూ ఒకే నూనె కావడం వల్ల దానిని తరచు మార్చవలసి వచ్చేదన్న మాట వేరు.)

పెద్ద బండిని తక్కువ చేయరాదు. 1959లో ఒక ఆంగ్ల పత్రిక పరీక్షలో మినీ లీటరుకు సుమారు 15 కిలోమీటర్లు నడిచినది. రెండున్నర ఇంతలకు మించిన బరువుతో ఈ బండి అమెరికా ప్రభుత్వ లెక్కలో 17 నడిచినది. బ్రేకు వేసినప్పుడు వేడిగా పోయే శక్తిని బ్యాటరీకి చేర్చడం సామాన్యమైన నేర్పు కాదు. కాని ఆ నేర్పు సంపాదించినదంతా ఈ బరువును మోయడానికే చాలావరకు ఖర్చయినది.

బరువే రక్ష అంటారు. నలిగి దెబ్బను మింగే ముందుభాగం, గాలిసంచులు మినీలో లేని మాట నిజం. అయితే రెండు బండ్లూ గంటకు 50 కిలోమీటర్ల వేగంతో ఎదురెదురుగా ఢీకొని అతుక్కుపోయినవనుకోండి. ద్రవ్యవేగ నిత్యత్వ నియమం ప్రకారం రెండూ కలిసి పెద్ద బండి దిక్కుకే సుమారు 23 కిలోమీటర్ల వేగంతో సాగుతవి. పెద్ద బండి వేగంలో మార్పు 27, మినీకి 73. పెద్ద బండిలోని వారి నిశ్చింతలో కొంత చిన్న బండిలోని వారి నుండి తీసుకున్నదే. బండ్లన్నీ సమాన బరువుతో ఉంటే ఈ తేడా ఉండదు. కాలినడకన పోయేవారికి ఆ దారి కూడా లేదు. పెద్ద బండి బానెట్టు మనిషి నడుము దాకా వస్తుంది. దాని ముందు దగ్గరగా నిలిచిన పసివాడు డ్రైవరుకు కనిపించడు.