ముందు వచ్చిందెవరు: హైమన్‌డార్ఫ్ పుస్తకాన్ని సోమలలో చదివితే

క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ రాసిన ‘ట్రైబ్స్ ఆఫ్ ఇండియా: ది స్ట్రగుల్ ఫర్ సర్వైవల్’ 1982లో అచ్చయింది. ఆదివాసుల భూమి గురించి మాట్లాడేవాళ్ళు ఏదో ఒక చోట ఆ పుస్తకం పేరు ఎత్తకుండా ఉండరు. పేరు ఎత్తినంతగా చదివినవాళ్ళు మాత్రం మనలో తక్కువ. మేము దాన్ని సోమల మండలంలో, అంటే షెడ్యూల్డు ప్రాంతం ఒక్క సెంటు కూడా లేని చిత్తూరు జిల్లాలో, ఇంగ్లీషు తెలిసినవాళ్ళు తెలియనివాళ్ళకు చెప్తూ చదివాం. మాలో సుగాలీలున్నారు, ఎరుకలవాళ్ళున్నారు, యానాదులున్నారు. పుస్తకం ఒకటే అయినా మూడు రకాలుగా తగిలింది. ఎందుకలా అయిందో చెప్పడమే ఈ వ్యాసం పని.

ముందు ఆ పుస్తకం గొప్పతనం ఒప్పుకోవాలి. 1909లో వియన్నాలో పుట్టిన మనిషి, రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో హైదరాబాదు సంస్థానంలో ఉండిపోయాడు. చెంచుల మధ్య, గోదావరి కొండరెడ్ల మధ్య, ఆ తర్వాత ఆదిలాబాదు గోండుల మధ్య బతికి రాశాడు. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం నేలకొరిగాక, గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవాలనుకున్న నిజాం ప్రభుత్వం ఆయన సాయం తీసుకుంది. మార్లవాయిలో 1943లో గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ మొదలైంది. గోండి భాషలో వాచకాలు తయారయ్యాయి. వేల కుటుంబాలకు పట్టాలు వచ్చాయి. ఆయన భార్య బెట్టీ 1987లో చనిపోతే మార్లవాయిలోనే సమాధి చేశారు. ఇంత దగ్గరితనం ఉన్న పరిశోధకులు మనకు మరీ ఎక్కువమంది లేరు.

1970ల్లో ఆయన మళ్ళీ వచ్చి, ముప్పై ఏళ్ళ కింద పట్టాలు ఇప్పించిన ఊళ్ళు ఏమయ్యాయో చూశాడు. పుస్తకానికి ప్రాణం అక్కడుంది. భూమి ఎలా పోతుందో ఆయన చూపినంత వివరంగా చూపినవాళ్ళు అరుదు. కత్తి చూపించి లాక్కున్నవాళ్ళు తక్కువ. గోండు అడవి కొట్టి చేను చేస్తాడు, కాగితం ఉండదు. అడవి శాఖ గీత గీసి ఆ చేనును రిజర్వు ఫారెస్టు అంటుంది. రోడ్డు వస్తుంది, రోడ్డు వెంట దుకాణం వస్తుంది, దుకాణంలో అప్పు పుడుతుంది. అప్పు తీరనప్పుడు చేను కౌలుకు పోతుంది. పట్వారీ పుస్తకంలో ఒక రోజు పేరు మారుతుంది. చదువుతుంటే మాలోని ఎరుకల పెద్దమనిషి ఒకాయన, ‘ఇది మన కథే కదప్పా, ఊరి పేర్లే వేరు’ అన్నాడు. అక్కడిదాకా ముగ్గురమూ ఒకటే.

బంజారాల దగ్గరికి వచ్చేసరికి విడిపోయాం.

ఆదిలాబాదులో గోండుల భూమి మీదికి వచ్చినవాళ్ళలో మహారాష్ట్ర నుంచి వచ్చిన బంజారాలూ ఉన్నారు. అది నిజం. 1976లో పార్లమెంటు చేసిన సవరణ చట్టం 1977లో అమలుకు వచ్చింది. దాంతో తెలంగాణ లంబాడాలు షెడ్యూల్డు తెగల జాబితాలో చేరారు. ఆంధ్ర ప్రాంతంలో సుగాలీలు అంతకు ముందే జాబితాలో ఉన్నారు. మహారాష్ట్రలో బంజారాలు ఎస్టీలు కారు. సరిహద్దు దాటితే ఎస్టీ అయ్యే వీలుంటే దాటేవాళ్ళు దాటుతారు. ఇది గోండులకు పెద్ద దెబ్బ అని హైమన్‌డార్ఫ్ చెప్పిన మాటలో తప్పు లేదు.

ఎందుకు దెబ్బో చట్టం చూస్తే తెలుస్తుంది. 1959 నాటి భూబదలాయింపు నిబంధనను 1970లో గట్టిచేశారు. మనం ‘ఒకటి బై డెబ్బై’ అంటాం. షెడ్యూల్డు ప్రాంతంలో భూమి గిరిజనేతరుడి చేతికి పోకూడదన్నది దాని సారం. ఆ చట్టం గీసిన గీత ఒక్కటే: ఇటు గిరిజనుడు, అటు గిరిజనేతరుడు. 1977కు ముందు లంబాడా ఆ గీతకు అటు ఉన్నాడు, తర్వాత ఇటు వచ్చాడు. గీత అక్కడే ఉంది కానీ గోండుకు దాని వల్ల కాపుదల తగ్గిపోయింది. గోండుకు కావలసింది రెండో గీత, అంటే ఈ నేల మీది గిరిజనుడికీ వేరే చోటి నుంచి వచ్చిన గిరిజనుడికీ మధ్య. అది చట్టంలో లేదు. మైదానంలో ఉద్యోగాలు చేసుకుంటూ ‘ఆదివాసులకు మా మీద అసూయ’ అని తేల్చేసే మా సుగాలీ కుర్రాళ్ళు ఈ సంగతి ఒకటికి రెండుసార్లు చదవాలి. 2011 జనగణన ప్రకారం తెలంగాణ గిరిజనుల్లో సగానికి పైగా లంబాడాలే. సీట్లు, ఉద్యోగాలు ఎటు పోతున్నాయో లెక్కచూసుకున్న గోండు, కోలాం, పరధాను యువకుడికి కోపం రావడానికి అసూయ అక్కర్లేదు.

అయితే పుస్తకంతో మా పేచీ వేరే చోట ఉంది. గోండుల మీద రాసేటప్పుడు హైమన్‌డార్ఫ్ మనిషిని చూస్తాడు. వాళ్ళ దేవుళ్ళు, పెళ్ళిళ్ళు, పటేళ్ళ తగాదాలు, కరువులు అన్నీ చూస్తాడు. బంజారాలు మాత్రం గోండుల చేల వైపు కదిలివచ్చే ఒక మందలాగే కనిపిస్తారు. ఆ మంద ఎక్కడి నుంచి బయలుదేరిందో, ఎందుకు బయలుదేరిందో అన్న ప్రశ్న మీద ఆయనకు ఆ శ్రద్ధ లేదు. ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోసి దండులకూ సంతలకూ చేర్చిన జనానికి, రైలు వచ్చాక పని పోయింది. పని పోయినవాళ్ళ మీద నేరస్థ జాతుల చట్టం పడింది. ఆ చట్టం 1871లో పుట్టి, 1911లో మద్రాసు రాజధానికి వచ్చి, 1952 దాకా బతికింది. ఎరుకలవాళ్ళకూ, కొన్నిచోట్ల యానాదులకూ అదే గతి. స్టువార్టుపురం లాంటి సెటిల్మెంట్లు అలా పుట్టినవే. తిరుగుతూ ఉంటే నేరం, ఆగితే ఆగడానికి నేల లేదు. ఆగినచోటల్లా ‘వచ్చినవాడు’ అన్న పేరు. ఈ సగం కథ లేకుండా తక్కిన సగం చెప్తే, గోండుకు న్యాయం జరగవచ్చు కానీ చదివేవాడికి సుగాలీ అంటే పుట్టుకతోనే ఆక్రమణదారు అన్న అభిప్రాయం మిగులుతుంది.

భాషల్లో కూడా ఈ లోపలి-బయటి లెక్క ఉంది. గోర్‌బోలీలో మనవాడు గోర్, పరాయివాడు కోర్. గోండులు తమను కోయితూర్ అంటారు. యానాది అన్న పేరు అనాది నుంచి వచ్చిందని చెప్పుకుంటారు. అనాది నుంచి ఉన్నవాడికి అడంగల్‌లో పేరు ఉండదు, అది వేరే సంగతి.

2017లో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఆదిలాబాదులో జరిగింది ఉపాధ్యాయులుగా మనకు గుర్తుండాలి. లంబాడాలను జాబితా నుంచి తీసేయాలని ఆదివాసులు ఉద్యమించారు. తమ ఊరి బడులకు లంబాడా ఉపాధ్యాయులు రావద్దన్నారు. డిసెంబరులో ఉట్నూరు వైపు గొడవలు చెలరేగాయి. బడి గుమ్మం దగ్గర ఆగిపోయిన ఆ ఉపాధ్యాయుడు ఎవరి భూమీ లాక్కోకపోయి ఉండవచ్చు. గుమ్మంలో అడ్డం నిలబడ్డ తండ్రి కూడా ఆ ఒక్క మనిషి మీద కోపంతో నిలబడలేదు. మార్లవాయిలో 1943లో మొదలైన ఆలోచన, మన పిల్లలకు మన భాష వచ్చిన పంతులు అన్నది, ఎక్కడో తెగిపోయింది. ఆ తెగిన చోటు గురించి రాయాల్సింది చాలా ఉంది.

రెండో గీత గీయడానికి ఒక ప్రయత్నం జరగకపోలేదు. 2000 జనవరిలో వచ్చిన మూడో నంబరు జీవో షెడ్యూల్డు ప్రాంతాల టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అన్నది. స్థానికుడు ఎవరంటే, తానుగానీ తల్లిదండ్రులుగానీ 1950 జనవరి 26 నుంచి ఆ ప్రాంతంలో ఎడతెగకుండా నివసిస్తూ ఉన్నవాడు. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఆ జీవోను కొట్టేసింది. నూటికి నూరు పోస్టులూ ఒకరికే ఇవ్వడం చెల్లదంది, ఆ తేదీ షరతును కూడా తప్పుపట్టింది. అప్పటికే ఇచ్చిన ఉద్యోగాలను షరతులతో కాపాడింది. తీర్పు మీద ఆదివాసుల బాధ న్యాయమైనదే. నూరు శాతం అన్నది పోతే పోయింది, స్థానిక భాష వచ్చినవాడికి ముందు చోటు అన్న దారైనా ప్రభుత్వాలు గట్టిగా పట్టుకోలేదు. తేదీ విషయంలో మాత్రం మాకు కోర్టు మాట కొట్టిపారేయదగ్గదిగా తోచలేదు. పోడు కోసం, పెళ్ళి కోసం, అడవి శాఖ తరిమితే ఊరు మారిన కోలాం కుటుంబం ‘ఎడతెగకుండా’ ఉన్నానని ఏ కాగితంతో చూపిస్తుంది? స్థానికుడికి తేదీ పెడితే చివరికి గెలిచేది కాగితం ఉన్నవాడే.

ఈ కొలత పాతదే. హైదరాబాదు సంస్థానంలో ముల్కీ కావాలంటే పదిహేనేళ్ళ నివాసం అన్నారు. 1952లో నాన్ ముల్కీలు వెళ్ళిపోవాలని విద్యార్థులు వీధికెక్కారు. చిన్న రాష్ట్రమైన త్రిపురలో దేశ విభజన తర్వాత వచ్చిన జనంతో, 2011 నాటికి ఆదివాసులు మూడో వంతుకు తక్కువైపోయారు. అక్కడ వచ్చినవాళ్ళు కూడా ఇల్లు తగలబడి వచ్చినవాళ్ళే. ఇద్దరి ఏడుపూ నిజమైనప్పుడు ఏ ఒక్కరి పుస్తకమో చదివి తీర్పు చెప్పడం కష్టం.

ఇక మా వైపు. చిత్తూరు జిల్లాలో గిరిజనులు నూటికి నలుగురు కూడా లేరు. ఒకటి బై డెబ్బై మాకు వర్తించదు. గుట్ట అంచు మీద తండా, ఊరి చివర ఎరుకల ఇళ్ళు, చెరువు కట్ట కింద యానాది కాలనీ. మాకున్నదల్లా డీకేటీ పట్టా. దాన్ని కాపాడింది గిరిజన చట్టం కాదు. పేదలకు ఇచ్చిన భూమి అమ్మరాదు, కొనరాదు అన్న 1977 నాటి 9వ నంబరు చట్టం. 2023లో దాన్ని సవరించి, ఇచ్చి ఇరవై ఏళ్ళు నిండిన భూమిని అమ్ముకోవచ్చన్నారు. పెద్దకొడుకు బెంగళూరులో మేస్త్రీ పనిలో ఉండి, ఇంట్లో అప్పు ఉన్నవాడికి ఆ మాట తీయగానే వినిపించింది. మదనపల్లె, పుంగనూరు, కుప్పం మూడూ బెంగళూరుకు కారులో పొద్దున పోయి సాయంత్రానికి తిరిగివచ్చే దూరం. కొనేవాడు ఎటు నుంచి వస్తాడో వేరే చెప్పక్కర్లేదు. 2024లో కొత్త ప్రభుత్వం ఆ రిజిస్ట్రేషన్లు నిలిపింది. అదే ఏడు జూలై 21 రాత్రి మదనపల్లె సబ్ కలెక్టరు కార్యాలయంలో మంటలు లేచి ఫైళ్ళు కాలిపోయాయి. ఎవరు చేశారన్నది దర్యాప్తు చేసేవాళ్ళ పని. మా మట్టుకు తెలిసింది ఒకటే: ఒక సుగాలీ, ఒక యానాది ఈ భూమి నాది అని చూపించుకునే కాగితాలు ఇలాంటి గదుల్లోనే ఉంటాయి.

హైమన్‌డార్ఫ్ ఉట్నూరులో చూసిన వరస, అంటే రోడ్డు, దుకాణం, అప్పు, పేరు మార్పు, ఇక్కడ జరుగుతోంది. తేడా ఏమిటంటే ఉట్నూరులో ఆ వరసలో ‘వచ్చినవాడి’ చోటున నిలబెట్టిన సుగాలీ, సోమలలో గోండు చోటున నిలబడి ఉన్నాడు. అందుకే ‘స్థానికుడు’ అన్న మాట ఒక జాతికి శాశ్వతంగా అంటించే చీటీ కాదంటున్నాం. ఏ నేల మీద, ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి భూమి పోతోంది అన్న ప్రశ్నకు జవాబుగానే ఆ మాటకు అర్థం వస్తుంది. శ్రీహరికోట యానాదులను చూడండి. దీవి వాళ్ళది. రాకెట్ కేంద్రం వచ్చాక వాళ్ళే వేరే చోటికి ‘వచ్చినవాళ్ళు’ అయ్యారు.

ఇక్కడికి దగ్గరలోనే చౌడేపల్లె బోయకొండ. నవాబు దండును కొండ మీది బోయలు ఎదిరించారనీ, గంగమ్మ వాళ్ళకు తోడు నిలిచిందనీ చెప్తారు. కథలో స్థానికులు బోయలు. ఇవాళ ఆ బోయలు మైదానంలో బీసీలు, ఏజెన్సీలో మాత్రమే ఎస్టీలు. రాయలసీమ బోయలను ఎస్టీల్లో చేర్చాలని శాసనసభ 2017 డిసెంబరులో ఒకసారి, 2023 మార్చిలో ఇంకోసారి తీర్మానం చేసింది. వింటే మాలో సుగాలీలు కూడా ‘మన వాటా ఏమవుతుంది’ అని ఉలిక్కిపడ్డారు. గోండు 1977లో అన్న మాట అదే కదా అని మాలో ఒక యానాది అమ్మాయి అడిగితే కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

బయటి పరిశోధకుడు రాసిన కాలం దాటిపోయి, లోపలివాళ్ళు రాసే కాలం వచ్చింది. రమేశ్ కార్తీక్ నాయక్ ‘ఢావ్లో’ కథలకు 2024లో కేంద్ర సాహిత్య అకాడమీ యువ పురస్కారం వచ్చింది. మల్లిపురం జగదీశ్ ‘శిలకోల’ ఉత్తరాంధ్ర ఏజెన్సీ నుంచి వచ్చింది. అల్లం రాజయ్య, సాహు కలిసి రాసిన ‘కొమురం భీం’ నవల చదవని ఆదివాసీ యువకుడు ఉండకూడదు. వీటి మీద మాకున్న గౌరవం తగ్గించకుండా ఒక మాట: తండా కథ తండా లోపలే, గూడెం కథ గూడెం లోపలే తిరుగుతోంది. తండాకూ గూడేనికీ మధ్య ఉన్న చేను, ఇద్దరూ నాదనే చేను, దాని మీద ఇద్దరి గొంతులూ వినిపించే తెలుగు నవల కావాలి. రాసేవాడు ఏ వైపు వాడైనా తనవాళ్ళతో తిట్లు తినాల్సి ఉంటుంది. ఆ భయం వల్లే రాలేదేమో.

సోమల గురించి రాయడానికి నవలదాకా పోనక్కర్లేదు. హైమన్‌డార్ఫ్ దగ్గర నేర్చుకోదగ్గ పని ఒకటుంది. ముప్పై ఏళ్ళ తర్వాత అదే ఊరికి తిరిగిపోయి, అప్పుడు ఎవరి పేరున్న చేను ఇప్పుడు ఎవరి పేరున ఉందో ఇంటింటికీ అడగడం. మన బడుల్లో తొమ్మిది, పది చదివే పిల్లలు చాలు. ఒక తండా, ఒక ఎరుకల వీధి, ఒక యానాది కాలనీ. డీకేటీ పట్టా ఏ సంవత్సరం ఇచ్చారు, సర్వే నంబరు ఎంత, ఇవాళ దున్నుతున్నది ఎవరు. మీసేవలో అడంగల్ నకలు తీసుకుని పక్కన పెట్టుకోవాలి. అవ్వలనూ తాతలనూ అడిగేటప్పుడు ‘మీరెక్కడి నుంచి వచ్చారు’ అని మొదలుపెట్టవద్దని పిల్లలకు ముందే చెప్పాలి. మొదట చేను పేరు అడగాలి. ప్రతి చేనుకూ ఒక పేరుంటుంది.